దేవపాలయ్యవారి ఎకో పెట్టె

జమ్మలమడుగు నుంచి బస్సెక్కితే పెన్న ఒడ్డున వచ్చే ఒక ఊళ్లో దేవపాలు మిషను బడి అయ్యవారు. పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు. ఎక్కాల కోసం ఆయన్ను ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. చావుల కోసం గుర్తు పెట్టుకున్నారు.

ఎవరింట్లో మనిషి పోయినా, పోయిన మనిషికి ఏడాది తిరిగినా, దేవపాలు వచ్చి పాడాలి. ఆదివారం మిషను గుళ్లో కీర్తనలు, మిగతా రోజుల్లో రెడ్ల ఇండ్లలో తత్వాలు. ఆయన తాత తెల్లదొర చేత బాప్తిస్మం తీసుకున్నప్పుడు దేవుణ్ణి మార్చుకున్నాడు గానీ గొంతు మార్చుకోలేదు. ఆ గొంతే మనవడికి వచ్చింది. పాటలో దేవుడి పేరు వచ్చే చోట దేవపాలు కొంచెం మెల్లగా పాడేవాడు. ఎవరికి కావలసిన దేవుణ్ణి వాళ్లు అక్కడ పెట్టుకునేవాళ్లు.

ఊళ్లో తూర్పు వీధి తిమ్మారెడ్డిది. పడమటి వీధి పక్కీరెడ్డిది. తిమ్మారెడ్డి ఏ పార్టీలో చేరితే పక్కీరెడ్డి దానికి ఎదురు పార్టీలో చేరేవాడు. సిద్ధాంతం అంటే వాళ్లిద్దరికీ అంతే. ఒకసారి కబురు అందక ఇద్దరూ ఒకే వారంలో ఒకే పార్టీలో చేరారు. ఎవర్ని తిట్టాలో తెలియక ఊరు తికమకపడింది. చివరికి తిమ్మారెడ్డి ప్రజల కోరిక మేరకు బయటికి వచ్చాక గానీ ఊరికి మనశ్శాంతి కలగలేదు.

తూర్పు వీధి మనిషి పడమటి వీధిలో నడవడు. పడమటి వీధి మనిషి తూర్పు వీధిలో నడవడు. రెండు వీధుల్లోనూ నడిచేవి కుక్కలు, ఎద్దులు, దేవపాలు. ఆయనకు ఆ వసతి పాట వల్ల వచ్చింది. ఏ వర్గం మనిషి పోయినా ఏ వర్గానికీ చెందని నోరు ఒకటి కావాలి. ఊరు మొత్తానికి అలాంటి నోరు అదొక్కటే మిగిలింది.

అంత నోరూ నిలబడింది ఒక అలవాటు మీద. పాడేటప్పుడు దేవపాలు కండ్లు మూసుకుంటాడు. పాట లేనప్పుడు కూడా అవసరాన్ని బట్టి మూసుకుంటాడు. తిమ్మారెడ్డి తమ్ముణ్ణి పట్టపగలు బస్టాండులో చంపినప్పుడు దేవపాలు అక్కడే బస్సు కోసం నిలబడి ఉన్నాడు. పోలీసులు అడిగితే, ఆ సమయానికి మనసులో ఒక కీర్తన పాడుకుంటూ కండ్లు మూసుకున్నానని చెప్పాడు. సోడా బండివాడు గ్యాస్ చూసుకుంటున్నాడు. టికెట్ల గుమాస్తా చిల్లర చూసుకుంటున్నాడు. ఆ రోజు బస్టాండులో కండ్లు తెరిచి ఉన్నవాడు చనిపోయినవాడు ఒక్కడే. కేసు కొట్టేశారు. పక్కీరెడ్డి మనుషులు పూలదండలతో ఊరికి వచ్చారు. తమ్ముడి వర్ధంతి వచ్చినప్పుడు తిమ్మారెడ్డి దేవపాలునే పిలిపించాడు. వేరే గొంతు యాడుంది?

యాభై దాటాక ఆ గొంతు సన్నబడింది. పై స్థాయికి పోయినప్పుడు ఊపిరి అందదు. చరణం చివర మాట కింద పడిపోతుంది. పక్కీరెడ్డి తల్లి పోయిన రోజున, అందరూ కండ్లు తుడుచుకుంటున్న చోట, దేవపాలు గొంతు చీలిపోయింది. ఎవరో నవ్వారు.

"అయ్యవారికి బ్యాటరీ అయిపోయినట్టుండాదే," అన్నాడు పక్కీరెడ్డి.

దేవపాలు ఇంటికి వచ్చి భార్య ఆనందమ్మతో ఆ మాట చెప్పాడు. ఆమె చేటలో కందిపప్పు చెరుగుతూ వింది.

"పాడకపోతే ఏమైతాది? బడి ఉండాది గదా," అంది.

"పాడకపోతే పిలవరు. పిలవకపోతే ఏదో ఒక వీధిలో కూర్చోవాల. ఏ వీధిలో కూర్చోమంటావు?"

ఆనందమ్మ చెరగడం ఆపింది. వాళ్ల ఇల్లు రెండు వీధులూ కలిసే చోట ఉంది. రెండు వైపులా వాకిళ్లు ఉన్న ఇల్లు ఊళ్లో అదొక్కటే.

పులివెందులలో ఒక పెండ్లికి వచ్చిన ఆర్కెస్ట్రాను దేవపాలు విన్నాడు. పాటగాడి గొంతు తన గొంతు కంటే గొప్పదేం కాదు. కానీ అతను ఆపిన చోట పాట ఆగలేదు. మాట పోయాక కూడా దాని నీడ కొంతసేపు పందిట్లో తిరిగింది. చీలిన చోటు ఆ నీడ కింద దాగిపోయింది. పాట అయ్యాక దేవపాలు వేదిక పక్కకు పోయి చూశాడు. నల్ల పెట్టె. ముందు మూడు తిప్పే గుండీలు. దాన్ని ఎకో అంటారని చెప్పారు.

ఎకో కొనాలని దేవపాలు అనుకున్న సంగతి ఊరికి తెలిసిపోయింది. తిమ్మారెడ్డి కబురు పెట్టాడు.

"నువ్వు కొనేదేంది అయ్యవారూ, నేను తెప్పిస్తా. బెంగుళూరు నుంచి. శానా పెద్దది."

పక్కీరెడ్డి కబురు పెట్టాడు.

"తిమ్మడు ఇచ్చే దానికంటే పెద్దది నేను తెప్పిస్తా. పెట్టె మీద మా అమ్మ పేరు రాపిస్తా. అంతే."

దేవపాలు ఇద్దరికీ దండం పెట్టి, దేవుడి పాటకు దానం పనికిరాదని మా సంఘంలో ఒక కట్టుబాటు ఉందని చెప్పాడు. అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. ఊరికే వచ్చే పెట్టెను మోసే స్తోమత తనకు లేదని మాత్రం ఆయనకు తెలుసు.

పులివెందుల అంగట్లో మంచి పెట్టెలున్నాయి. అంగడి గోడ మీద ఒక నాయకుడి ఫోటో, దానికి దండ. అంగడి యజమాని పెట్టె చూపించకముందే అడిగాడు.

"ఏ ఊరప్పా? ఎవరి మనిషివి?"

దేవపాలు బ్యాటరీ సెల్లు రెండు కొనుక్కుని బయటికి వచ్చాడు. జమ్మలమడుగులో మైకుసెట్లు పెట్టే ఆయన పక్కీరెడ్డికి వియ్యంకుడి తమ్ముడు. ఆయన అంగడి మెట్టు ఎక్కితే ఎక్కిన సంగతి దేవపాలు కంటే ముందే తూర్పు వీధికి చేరుతుంది. ఇక మిగిలింది ప్రొద్దుటూరు. అక్కడ బంగారం అంగళ్ల వెనక సందులో ఇనాయతుల్లా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. గోడ మీద మక్కా పటం, ఒక నగల అంగడి క్యాలెండరు. దేవపాలు నాలుగు గోడలూ చూసి కూర్చున్నాడు.

ఇనాయతుల్లా రెండు పెట్టెలు ముందు పెట్టాడు.

"ఇది టేపు పెట్టె సార్. లోపల టేపు ఉంగరం మాదిరి తిరుగుతాంటాది. మీరు పాడింది ఒక హెడ్డు పట్టుకుంటాది. పక్క హెడ్లు మళ్లా చెప్తాయి. ఇంకో హెడ్డు చెరిపేస్తాది. ఇది కొత్త రకం. టేపు లేదు, అంతా చిప్పే. స్విచ్చి తీసినారంటే దీనికేం గుర్తుండదు."

"దేంట్లో గొంతు బాగుంటాది భాయ్?"

"టేపుది మెత్తగా ఉంటాది. మీ వయసుకు అదే బాగుంటాది. దీంట్లో కొంచెం రేకు డబ్బాలో పాడినట్టుంటాది."

వెల అడిగితే కొత్త పెట్టెకు దేవపాలు జీతం చాలదు. టేపు పెట్టె అందులో సగం కూడా లేదు.

"ఎందుకంత తక్కువ?"

"పాతది సార్. చెరిపే హెడ్డు అరిగింది. ముందు పాడింది పూర్తిగా పోదు, అడుగున కొంచెం మిగుల్తాది. మీరు పాడుతాంటే వినపడదులే."

"ఎవరిది?"

"సింహాద్రిపురం మైకుసెట్టాయనది. ఆయన మైకులు మానేసి టీ అంగడి పెట్టుకున్న్యాడు."

మైకుసెట్టాయన ఎవరికి మైకులు పెట్టేవాడని దేవపాలు అడగలేదు. గోడ మీద ఏ నాయకుడి ఫోటో లేదన్న ధైర్యం అది. ఇనాయతుల్లా మూత తెరిచి, లోపల అంటించి ఉన్న ఇంకో టేపు ఉంగరం చూపించాడు.

"టేపు తెగితే ఇది వేసుకోండి. పెట్టెతో పాటే వచ్చింది."

ఆదివారం గుళ్లో పెట్టె మొదటిసారి పనిచేసింది. దేవపాలు గొంతుకు ముప్పై ఏండ్ల వయసు వచ్చింది. చరణం చివర మాట కింద పడకుండా మూడుసార్లు గాల్లో నిలబడింది. ఆమెన్ కూడా మూడుసార్లు వచ్చింది. యోబు పాస్టరు బయట చెప్పులు వేసుకుంటూ, "దేవుడు ఒగసారికే వింటాడు అయ్యవారూ, చెవుడేం లేదు ఆయప్పకు," అన్నాడు. అయినా మొహంలో అసూయ ఉంది. ప్రసంగానికి కూడా ఆ పెట్టె పెడితే బాగుంటుందేమో అని తర్వాత మెల్లగా అడిగాడు.

ఎండాకాలంలో తిమ్మారెడ్డి తమ్ముడి వర్ధంతి వచ్చింది.

ఎన్నికలు దగ్గర్లో ఉన్నందువల్ల ఆ ఏడు తమ్ముడి మీద తిమ్మారెడ్డికి ప్రేమ పెరిగింది. ఇంటి ముందు పెద్ద పందిరి వేయించాడు. పెండ్లిమర్రి దాకా లారీలు పంపి జనాన్ని తెప్పించాడు. చనిపోయినవాడి పేరు కూడా తెలియని మనుషులు చనిపోయినవాడి కోసం వచ్చి వరుసల్లో కూర్చున్నారు. భోజనం పొట్లాలు వంటశాల దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. అందరి చూపూ భక్తితో అటే ఉంది.

దేవపాలు పెట్టె తెరిచేసరికి ఎండకు టేపు తెగి ఉంది. ఆయన మూతలోని ఉంగరం తీసి వేశాడు. సరిగ్గా తిరుగుతోంది. హలో అని పరీక్ష చేసుకోవాలనుకున్నాడు గానీ, వర్ధంతిలో హలో అంటే పోయినవాణ్ణి ఎగతాళి చేసినట్టుంటుందని తిమ్మారెడ్డి ఒప్పుకోడు. దేవపాలు కండ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

మొదటి చరణం బాగా వచ్చింది. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆగిన చోట మైకు హారన్ల నుంచి ఒక లావు గొంతు వచ్చింది.

"పక్కీరన్నకూ..."

అక్కడ ఆగింది. అలాంటి కేకలు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. మిగతాది జనం చెప్పాలి.

"జై," అన్నారు జనం.

అందరూ కాదు. సగానికి పైగా. చేతులు కూడా ఎత్తారు. పోయిన ఎన్నికల్లో ఇదే లారీల్లో పక్కీరెడ్డి సభలకు పోయినవాళ్లు వాళ్లు. ఆ సభలన్నింటికీ మైకులు సింహాద్రిపురం నుంచే వచ్చాయి. ఊరూరా అదే కేక వేసి వేసి, అరిగిన హెడ్డు చెరపలేక, ఆ టేపు ఉంగరంలో పొర మీద పొరగా అదే మిగిలింది. పెట్టెకు తెలిసిన తెలుగు అంతే. జనానికి కూడా ఆ కేకకు తెలిసిన జవాబు అదొక్కటే.

టేపు ఇంకో చుట్టు తిరిగింది.

"పక్కీరన్నకూ..."

ఈసారి కొంతమందే జై అన్నారు. మూడోసారి వెనక వరసలో ఒక ముసలాయన ఒక్కడే అన్నాడు. పక్కవాడు ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

తిమ్మారెడ్డి జనం వైపు చూశాడు. వాళ్లను నరకడానికి లేదు, ఓట్లు. దేవపాలు వైపు చూశాడు. ఆయన్ను నరికితే ఆయన వర్ధంతికి పాడేవాడు లేడు. తర్వాత పెట్టె వైపు చూశాడు. పక్కనే నిలబడ్డ మేనల్లుడికి మామ చూపు అర్థమైంది. వేటకొడవలి తెచ్చాడు.

మొదటి వేటు పడేటప్పుడు దేవపాలు కండ్లు తెరిచే ఉన్నాయి. మూత రెండుగా చీలింది. టేపు పేగులా బయటికి వచ్చింది. ఆయన అప్పుడు కండ్లు మూసుకున్నాడు. మిగతాది చప్పుడుగా విన్నాడు. చప్పుడు ఆగాక తిమ్మారెడ్డి గొంతు దగ్గర్నుంచే వినపడింది.

"పాడు అయ్యవారూ. ఆగినావేంది? మిషీను తప్పుకు నిన్నేం అంటాము."

దేవపాలు పాడాడు. గొంతు చాలాసార్లు చీలింది. ఎవరూ నవ్వలేదు. పొట్లాలు పంచారు.

తెల్లారి పక్కీరెడ్డి పిలిపించాడు. కుర్చీ వేయించాడు. దేవపాలు భయపడ్డాడు. ఆ ఇంట్లో ఆయనకు అంతవరకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

"శత్రువు వాకిట్లో నిలబడి నా పేరు చెప్పి సచ్చింది ఆ పెట్టె," అన్నాడు పక్కీరెడ్డి. పైపంచెతో కండ్లు ఒత్తుకున్నాడు. "మన మనుషులెవురన్నా అంత పని చేసినారా ఇంతవరకు? చెప్పు."

చుట్టూ ఉన్న మన మనుషులు నేల చూశారు.

"అది నా పెట్టె అన్నా," అన్నాడు దేవపాలు.

"నీదే. కానీ పార్టీ కోసం ప్రాణమిచ్చింది. కేసు పెడతాండాం. తిమ్మని మేనల్లుడు నరికినాడని నువ్వు ఒగ మాట చెప్తే చాలు. సాక్షివి నువ్వే."

గుళ్లో దేవుడి తరఫున సాక్ష్యం చెప్పడానికి దేవపాలు ఏనాడూ వెనకాడలేదు. దేవుడు ఎదురు కేసు పెట్టడు. స్టేషనులో సాక్ష్యం వేరు. చెప్తే తూర్పు వీధి పోతుంది, వీధితో పాటు చేతులో కాళ్లో పోతాయి. చెప్పకపోతే పడమటి వీధి పోతుంది. పెట్టె కొన్నదే రెండు వీధుల కోసం.

ఇంటికి వస్తే ఆనందమ్మ తూర్పు వాకిలి మూసి, పడమటి వాకిలి మూసి, ఎదురుగా కూర్చుంది.

"నాకు చెప్పు. నరికింది ఎవురు?"

"కండ్లు మూసుకున్న్యా."

"నాకాడ గూడానా?"

ఆమె కాసేపు ఆయన్ను చూసి లేచి వంటింట్లోకి పోయింది. ఆ పూట అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

స్టేషనులో ఎస్సై బల్ల మీద పెట్టె ముక్కలు గోనెసంచిలో ఉన్నాయి. ఒక పక్క పక్కీరెడ్డి, ఇంకో పక్క తిమ్మారెడ్డి. మధ్యలో ఇద్దరికీ ఒకే ప్లేటులో బిస్కెట్లు. ఇద్దరూ వాటిని ముట్టలేదు.

"పెట్టె ఎవరిది?" అన్నాడు ఎస్సై.

"నాది సార్."

"ఎవరు నరికినారు?"

"పాడేటప్పుడు కండ్లు మూసుకుంటా సార్. ఊరందరికీ తెలుసు."

"పాట ఆగింది గదప్పా. అప్పుడు?"

"పాట ఆగినాక ప్రార్థన చేసుకున్న్యా సార్. ప్రార్థనలో గూడా మూసుకుంటాము మేము."

ఎస్సై కలం కింద పెట్టాడు. ఆ కలానికి విశ్రాంతి దొరికినందుకు సంతోషపడ్డట్టే ఉన్నాడు. పక్కీరెడ్డి మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు. దేవపాలు ఆయన చూపుకు ఎదురుగా నిలబడ్డాడు, ఈసారి కండ్లు తెరిచి.

"బస్టాండు కేసులో గూడా మూసుకునే ఉన్న్యా అన్నా," అన్నాడు మెల్లగా. "అప్పుడు మీరు నన్ను అనుమానించలేదు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పక్కీరెడ్డి వెనక్కి వాలాడు. మీసం సవరించుకున్నాడు. తిమ్మారెడ్డి గోడ మీద మహాత్ముడి పటం చూస్తున్నాడు. తమ్ముడి కేసును కొట్టేయించిన మాట ఆయనకూ వినపడింది. మేనల్లుణ్ణి కాపాడే మాట కూడా అదే. ఏదీ అనడానికి వీల్లేదు.

"న్యాయమే," అన్నాడు పక్కీరెడ్డి చివరికి. "మాకు మూసుకున్న కండ్లు వాళ్లకు గూడా మూసుకోవాల గదా. అయ్యవారు ధర్మం తప్పలేదు."

బిస్కెట్లు ఇద్దరూ తలా ఒకటి తీసుకున్నారు. ఎండకు పెట్టె దానంతట అదే పగిలిందని ఎస్సై రాసుకున్నాడు. తిమ్మారెడ్డి పోతూ పోతూ, వచ్చే వర్ధంతికి ముందుగానే చెప్తున్నానన్నాడు. పక్కీరెడ్డి, తన తల్లి సంవత్సరీకం అంతకంటే ముందే వస్తుందని గుర్తు చేశాడు.

దేవపాలు ఇంటికి పోకుండా ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

ఇనాయతుల్లా గోనెసంచి విప్పి ముక్కలు చూశాడు. ఒక ముక్క మీద కొడవలి గాటు వేలితో తడిమాడు.

"ఇదేమైంది సార్?"

"నేను చూల్లేదు భాయ్."

ఇనాయతుల్లా మళ్లీ అడగలేదు. ఆయనదీ ఈ జిల్లానే.

"ఆ కొత్త రకం ఉండాదా?" అన్నాడు దేవపాలు.

"ఉండాది. రేకు డబ్బా మాదిరి ఉంటాదని చెప్పినా గదా. వెల గూడా..."

"నెలనెలా కడతా. పెట్టు."

ఇనాయతుల్లా పెట్టె తెచ్చి మైకు తగిలించాడు. దేవపాలు ఒక చరణం పాడాడు. గొంతు సన్నగా, గరగరలాడుతూ, తగరం మీద వాన పడ్డట్టు నాలుగు వైపులా పోయింది. బాగాలేదు. స్విచ్చి తీశాడు. మళ్లీ వేశాడు. మైకు పక్కన పెట్టి, స్పీకరు దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. ఇంకోసారి తీసి వేసి విన్నాడు. ఏమీ లేదు.

"పాడకుండా ఏం వింటాండారు సార్?"

"ఇదే బాగుండాది," అన్నాడు దేవపాలు.

ఆనందమ్మ కొత్త పెట్టెను చూసి, "ఇది ఏ పార్టీది?" అంది. వాకిళ్లు మూసి అడిగిన పూట తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. దేవపాలు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత కూడా ఆయన చాలా ఏండ్లు పాడాడు. తూర్పు వీధిలో పాడాడు, పడమటి వీధిలో పాడాడు. ప్రతి పాటకూ ముందు పెట్టె స్విచ్చి ఒకసారి తీసి, మళ్లీ వేసి, కాసేపు చెవి పెట్టి వినేవాడు. మైకు పని తెలిసినవాళ్లు అదేం అవసరం లేదని చెప్పారు. ఆయన వినలేదు. ఏమీ లేదని తేలాక, అప్పుడు కండ్లు మూసుకునేవాడు.